కుక్క తోక పట్టుకుని ఎడారి ఈదిన వైనం

క్రిందటి సంచికలో ఈ ఎండల్లో కరివేపాకు మొక్కని బతికించుకోవడం గురించి రాస్తే చాలామంది ఫోన్లు చేశారు. అందులో ఒకావిడ, "మొక్కల సంగతి సరేనండీ, మీ ఇంట్లో ఆ పొడుగు కుక్క గురించి ఎప్పుడు రాస్తారు? అలాంటిది కావాలని మా పిల్లలు ప్రాణం తోడేస్తున్నారు" అన్నారు. ఆవిడకి ఫోన్లో పావుగంట చెప్పాను. చెప్పాల్సింది ఇంకా చాలా మిగిలిపోయింది. అందుకే ఈసారి శీర్షిక మొత్తం దానికే.

నిజం చెప్పాలంటే మన భాషలో కుక్కకి పెద్ద మర్యాదేమీ లేదు. కష్టాల్లో ఉంటే కుక్క బతుకంటాం. తిట్టాలంటే మొదట నోటికొచ్చేది అదే. తెలివితక్కువ పని చేసేవాణ్ణి చూసి "కుక్క తోక పట్టుకుని గోదారి ఈదినట్టు" అంటాం. కానీ వేటకుక్క దగ్గరికి వచ్చేసరికి అదే మనవాళ్ళు "జాగిలం" అని వేరే మాట వాడారు. ఆ మాటలోనే ఏదో దర్జా ఉంది. అరబ్బుల పద్ధతీ ఇంతే! మామూలు కుక్క "కల్బ్". సలూకీని మాత్రం ఆ మాటతో పిలవడానికి పాతకాలం వాళ్ళకి మనసొప్పదు. అది సలూకీయే. గుడారం బయటే ఉండాల్సిన కుక్కల్లో దానికొక్కదానికే లోపలికి ప్రవేశం. వేటకి వెళ్ళేటప్పుడు ఇసుక వేడికి దాని పాదాలు కాలకుండా ఒంటె మీద ఎక్కించుకుని తీసుకెళ్ళేవారట.

అలాంటి జాగిలం మా ఇంటికి ఎలా వచ్చిందో చెబుతాను.

మేము ఉండేది అల్ ఐన్‌లో, ఊరి చివర ఒక పాత విల్లాలో. ఐదేళ్ళ క్రితం ఫిబ్రవరిలో ఒక సాయంత్రం, ఇక్కడ అరుదుగా పడే వాన పడుతోంది. మా పిల్లలతో పాటు స్కూల్‌కి వెళ్ళే ఒక అమ్మాయి తల్లి వీధిన పడిన జంతువుల్ని చేరదీస్తుంటారు. ఆవిడ ఫోన్ చేసి, "రోడ్డు పక్కన ఒక సలూకీ దొరికింది. కాలికి దెబ్బ తగిలి మానింది. చిప్ లేదు, ఎవరిదో తెలియదు. రెండు వారాలు ఉంచుకుంటారా, ఈలోగా ఎవరినైనా చూస్తాను" అన్నారు. మావారు "రెండు వారాలే కదా" అన్నారు. ఆ రెండు వారాలకి ఇప్పుడు ఐదేళ్ళు.

కారు దిగినప్పుడు చూస్తే భుజం దగ్గర రెండడుగుల పైన ఎత్తు, మీగడ రంగు, చెవులకీ తోకకీ పట్టుకుచ్చుల్లాంటి వెంట్రుకలు, లెక్కపెట్టగలిగేటన్ని ఎముకలు. వానలో తడిసి వణుకుతూ నిలబడింది. అప్పటికి ఐదేళ్ళున్న మా చిన్నది తన దుప్పటి తెచ్చి దాని మీద కప్పి, "దీని పేరు చినుకు" అని తేల్చేసింది. మా పెద్దాడు తొమ్మిదేళ్ళవాడు. వాడు అంతకు ముందే టైగర్ అని పెడదామనుకున్నాడు. ఎవరి మాట నెగ్గిందో మీకు తెలుసు.

మొదటి నెల మా ఇంట్లో జరిగిన నష్టాల పట్టిక రాస్తే ఈ పత్రిక సరిపోదు. సోఫాలో దూది బయటికి వచ్చింది. మావారి ఆఫీసు బూట్లలో కుడికాలిది మాయమైంది, ఎడమకాలిది మాత్రం భద్రంగా ఉంది. పూజ కోసం వంటగట్టు మీద పెట్టిన ఉండ్రాళ్ళు స్వామివారి కన్నా ముందు చినుకే ఆరగించింది. దానికి వెనక కాళ్ళ మీద లేచి నిలబడితే అందని గట్టు మా వంటింట్లో లేదు. "ఇది కుక్క కాదే, నాలుగు కాళ్ళ తుఫాను" అన్నారు మావారు.

రోజూ ఉదయం, సాయంత్రం ఇరవయ్యేసి నిమిషాలు నడిపిస్తూనే ఉన్నాం. మాకు తెలిసిన కుక్కలకి అది ఎక్కువే! మరి దీనికేమిటి లోటు?

ఆ రహస్యం విప్పింది మా పక్కింటి పెద్దాయన. ఈ దేశంవారే. డెబ్బై దాటిన మనిషి. కుర్రతనంలో తండ్రితో కలిసి సలూకీలతో, డేగలతో వేటకి వెళ్ళేవారట. ఆయనకి అరబ్బీతో పాటు కాస్త ఉర్దూ వచ్చు, నాకు కాస్త హైదరాబాదీ హిందీ వచ్చు, కాబట్టి మాటలకి ఇబ్బంది లేదు. ఒకరోజు గోడ మీద నుంచి మా సోఫా దూది చూసి పకపకా నవ్వి, "బింతీ, దీనికి నడక స్నానం లాంటిది. పరుగు అన్నం లాంటిది. మీరు రోజూ రెండుసార్లు స్నానం చేయించి అన్నం పెట్టడం మానేశారు" అన్నారు.

ఎంత సూటిగా చెప్పారో చూడండి! బింతీ అంటే నా కూతురా అని.

పిల్లలూ, ఇక్కడ మీరు తెలుసుకోవలసిన విషయం ఒకటుంది. కుక్కలన్నీ ఒకే పని కోసం పెంచినవి కావు. కొన్నిటిని ముక్కుతో వాసన పట్టడానికి పెంచారు. సలూకీని కంటితో చూసి తరమడానికి పెంచారు. అందుకే దాని తల సన్నగా, ఛాతీ లోతుగా, నడుము పిడికెడంతగా, కాళ్ళు పొడుగ్గా ఉంటాయి. గంటకి 65 కిలోమీటర్ల పైన వేగం అందుకుంటుంది. కొద్ది దూరం పందెంలో గ్రేహౌండ్ దానిని దాటిపోవచ్చు గానీ, ఇసుకలో, రాళ్ళలో, కిలోమీటర్ల తరబడి పరుగెత్తాలంటే సలూకీకి సాటి దొరకడం కష్టం. పైనుంచి డేగ జింకని తికమకపెడుతుంటే కింద నుంచి సలూకీ దాన్ని పట్టేది. ఎడారిలో కుటుంబానికి మాంసం దొరికే దారుల్లో అదొకటి. అంటే ఈ కుక్క వాళ్ళకి ఆటబొమ్మ కాదు, ఇంటికి సంపాదించి పెట్టే మనిషితో సమానం.

ఇప్పుడా వేట ఇక్కడ లేదు. 1983లోనే ఈ దేశంలో పక్షుల, జంతువుల వేటకి ఫెడరల్ చట్టంతో కట్టడి వచ్చింది. వేట పోయినా ఆ జాతి పోకూడదని 2001లో అబుదాబిలో అరేబియన్ సలూకీ సెంటర్ పెట్టారు. 2008లో మొదలైన అల్ ధఫ్రా ఉత్సవంలో ఒంటెల అందాల పోటీలతో పాటు సలూకీల పరుగు పందాలు కూడా పెడుతూ వచ్చారు. డేగలతో వేటాడే విద్యని 2010లో యునెస్కో మానవాళి సాంస్కృతిక వారసత్వాల జాబితాలో చేర్చింది. ఆ విద్యలో డేగకి నేల మీద జోడీ ఈ జాగిలమే.

ఇంతకీ వేట ఆగిపోయిందన్న సంగతి చినుకుకి ఎవరూ చెప్పలేదు కదా! దాని ఒంట్లో వేల ఏళ్ళ పరుగు అలాగే ఉంది. మనం దాన్ని తెచ్చి మార్బుల్ ఫ్లోరు మీద కూర్చోబెట్టి బుద్ధిగా ఉండమంటే ఎలా ఉంటుంది?

పెద్దాయనకి ఊరి బయట ఒంటెల తోట ఉంది. దాన్ని ఇక్కడివాళ్ళు ఇజ్బా అంటారు. చుట్టూ ఎత్తైన కంచె. ఒంటెల్ని ఒక పక్కకి కట్టేసి, మిగతా ఖాళీలో చినుకుని వదలమన్నారు. శని, ఆదివారాల్లో తెల్లవారుజామున ఐదింటికి వెళ్ళేవాళ్ళం. మొదటిరోజు గొలుసు తీయగానే అది ఒక్క క్షణం నిలబడి దూరంగా చూసింది. ఆ తర్వాత మాకు కనిపించింది కుక్క కాదు, ఒక మీగడ రంగు గీత. నాలుగు కాళ్ళూ ఒకేసారి గాల్లో ఉన్నాయి. మా పెద్దాడు నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయాడు. పావుగంట తర్వాత వచ్చి మా చిన్నదాని కాళ్ళ దగ్గర కూలబడి నాలుక బయటపెట్టింది. ఆ రోజు మా ఇంట్లో ఏ వస్తువూ చిరగలేదు. సాయంత్రం దాకా నిద్రే! ఇంట్లో ఇంత నిశ్శబ్దంగా ఉంటుందని దాని అసలు స్వభావం మాకు తెలిసింది అప్పుడే. అది అనవసరంగా మొరగదు, మీద పడదు, కొత్తవాళ్ళొస్తే పలకరించకుండా ఒక మూలకి వెళ్ళి రాజకుమారిలా కూర్చుంటుంది.

మిగతా రోజుల్లో పొడుగు తాడు కట్టి మావారు సైకిల్ మీద, అది పక్కన. వేసవిలో మాత్రం సూర్యుడు రాకముందు నాలుగున్నరకే. మా పెద్దాడికి ఒక డ్యూటీ ఇచ్చాం. బయటికి తీసుకెళ్ళేముందు అరచేతి వెనకవైపు రోడ్డు మీద ఆనించి ఏడు అంకెలు లెక్కపెట్టాలి. చెయ్యి నిలవకపోతే దాని పాదాలూ నిలవవు, ఆ రోజుకి నడక లేదు. ఎడారి కుక్కే కదా ఎండకేమవుతుందని అనుకోకండి. ఎడారి మనుషులే దాన్ని ఒంటె ఎక్కించారని ఇందాక చెప్పాను కదా.

ఇంతలో వేసవి సెలవులకి మా అత్తయ్యగారు వచ్చారు. రాగానే చినుకుని చూసి నన్ను చూశారు. "ఏమ్మా, నోరులేని జీవానికి పిడికెడు అన్నం కూడా పెట్టట్లేదా? పక్కటెముకలు చూడు!" అన్నారు. సలూకీకి చివరి పక్కటెముకలు కనిపించాలి, అది దాని ఆరోగ్యం, ఒంట్లో కొవ్వే ఉండదు అని డాక్టరుగారి మాట చెప్పినా ఆవిడ నమ్మలేదు. నేను ఆఫీసుకి వెళ్ళగానే పెరుగన్నం ముద్దలు మొదలయ్యాయి. అంతవరకు ఫర్వాలేదు. ఒకరోజు సేమ్యా పాయసం గిన్నె దాని ముందు పెట్టబోతుంటే మా పెద్దాడు పరుగెత్తుకొచ్చి లాక్కున్నాడు. ఎందుకో తెలుసా? అందులో కిస్‌మిస్ ఉంది. ద్రాక్షపళ్ళు, కిస్‌మిస్ కుక్కలకి మూత్రపిండాల్ని పాడుచేస్తాయి. మన పులుసుల్లో ఉల్లి, వెల్లుల్లి కూడా దాని రక్తానికి చెడ్డవే. చాక్లెట్ సంగతి మీకు తెలిసే ఉంటుంది. ఆ తర్వాత అత్తయ్యగారు ఉల్లిపాయ లేని చికెన్ ఉడికించి, ఎముకలు తీసి మరీ పెట్టేవారు. తిరిగి వెళ్ళేరోజు విమానాశ్రయంలో మనవల కన్నా ముందు దాని గురించే జాగ్రత్తలు చెప్పారు.

కొవ్వు లేని ఒంటికి ఇంకో రెండు ఇబ్బందులున్నాయి. ఏసీ గదిలో గట్టి నేల మీద పడుకుంటే మోచేతుల దగ్గర పుండ్లు పడతాయి, మెత్తటి పరుపు ఉండాల్సిందే. రెండోది ఆపరేషన్ల సంగతి. ఈ రకం కుక్కలకి కొన్ని మత్తుమందులు త్వరగా దిగవు. డాక్టరుకి ముందే "ఇది సలూకీ" అని గుర్తుచేయడం మన బాధ్యత.

ఇక మా ఇంట్లో ఇప్పటికీ ఎవరూ మర్చిపోని రాత్రి గురించి చెబుతాను.

చినుకు వచ్చిన ఏడాదికి, నవంబరులో ఒక సాయంత్రం. సామాను తెచ్చిన కుర్రాడి కోసం మా చిన్నది గేటు తీసింది. వీధికి అవతల ఒక పిల్లి. అంతే! తలుపు సందులోంచి మీగడ రంగు గీత. "చినుకూ!" అని నేను అరిచేసరికి అది వీధి చివర ఉంది. ఇంట్లో ఎంత బుద్ధిమంతురాలైనా, కంటికి వేట కనబడితే దానికి చెవులు పనిచేయవు. పిలిస్తే వచ్చే కుక్క అనుకుని సలూకీని బయట గొలుసు విప్పకూడదు. చట్టం కూడా ఒప్పుకోదు. 2016 నాటి 22వ నంబరు ఫెడరల్ చట్టం ప్రకారం కుక్కకి లైసెన్సు ఉండాలి, బయట గొలుసుతోనే ఉండాలి, లేకపోతే భారీ జరిమానా. జరిమానా సంగతి ఆ క్షణాన మాకు గుర్తు లేదు. మా ఇంటి వెనక ఖాళీ భూమి దాటితే హైవే ఉంది. మేం వింటున్నది ఆ హైవే మీద లారీల చప్పుడు.

మావారు టార్చిలైటు పట్టుకుని పరుగెత్తారు. పెద్దాయన పికప్ తీసుకొచ్చారు. ఆయన మొదట చేసిన పని మమ్మల్ని అరవకుండా ఆపడం. "వెనకాల పరుగెత్తితే ఇది ఆట అనుకుంటుంది, లేదా భయపడుతుంది. ఎక్కడ ఆఖరిసారి కనిపించిందో అక్కడ ఈ పిల్ల పక్కబట్ట పెట్టండి. ఒక గిన్నెలో నీళ్ళు పెట్టండి. సలూకీ చుట్టు తిరిగి బయల్దేరిన చోటికి వస్తుంది" అన్నారు. మా చిన్నది ఏడుస్తూనే తన దుప్పటి తెచ్చింది. మొదటిరోజు కప్పిన దుప్పటే. రాత్రంతా మావారూ ఆయనా కారులో కూర్చున్నారు. నేను పిల్లల దగ్గర ఉన్నాను. అర్ధరాత్రి దాటాక చిన్నది, "అమ్మా, గేటు నేనే తీశాను కదా" అంది. ఏం చెప్పను? "గేటుకి రెండో గొళ్ళెం పెట్టించనిది నేను" అన్నాను. నిజం కూడా అదే.

తెల్లవారుజామున ఐదున్నరకి ఫోన్ మోగింది. చినుకు దుప్పటి మీద పడుకుని ఉంది. ముందరి పాదం చీలి రక్తం కారుతోంది. మేము వెళ్ళేసరికి లేవలేదు, తోక మాత్రం రెండుసార్లు నేలకేసి కొట్టింది. మా పెద్దాయన తన గుత్రా అంచు చింపి దాని పాదానికి కట్టారు. ఆ మరుసటి రోజే గేటుకి లోపల ఇంకో చిన్న గేటు పెట్టించాం. ఒకటి మూసాకే రెండోది తెరవాలి. ఇప్పటికీ మా ఇంటికి వచ్చే చుట్టాలు "ఇదేం జైలండీ" అంటారు. అననివ్వండి.

ఇంతవరకు సరదా, భయం. ఇక నేను అసలు చెప్పాలనుకున్న సంగతి.

పోయినేడాది వేసవి మొదట్లో మావారి ప్రాజెక్టు అయిపోయింది. కొత్తది వస్తుందో రాదో తెలియదు. మనలో చాలామందికి ఇది అనుభవమే. చేతిలో రెండు నెలల వ్యవధి ఉంది. ఇల్లు ఖాళీ చెయ్యడం, పిల్లల టీసీలు, సామాను, అన్నీ కాగితం మీద రాసుకుంటూ వచ్చి ఒక గీత దగ్గర ఆగిపోయాం. చినుకు?

సిగ్గుగా ఉంది గానీ చెబుతాను. మొదటిసారి "ఎవరికైనా ఇచ్చేద్దాం" అన్నది నేనే. హైదరాబాదులో మాది మూడో అంతస్తులో రెండు పడకగదుల ఫ్లాటు. దాన్ని విమానంలో పంపడానికి అడిగిన ఖర్చు మా నలుగురి టికెట్లు కలిపినా ఎక్కువ. నిలబడి, తిరిగి, కాళ్ళు చాపుకుని పడుకునేంత పెట్టె కావాలి. అంత పొడుగు కుక్కకి ఆ పెట్టె ఒక చిన్న గదంత. కొన్ని విమాన సంస్థలు వేసవి ఎండల్లో జంతువుల్ని అసలే ఎక్కించుకోవు. మన వైపు నియమాలు ఇంకో సంగతి. విదేశంలో రెండేళ్ళ పైన ఉండి నివాసం మార్చుకుని వెళ్ళేవాళ్ళకి పెంపుడు జంతువుని వెంట తీసుకెళ్ళే వీలుంది. దానికి జంతు క్వారంటైన్ శాఖవారి అనుమతిపత్రం ముందే తెచ్చుకోవాలి. చిప్, రేబిస్ టీకా, ఆరోగ్య ధ్రువపత్రం, ఇక్కడి మంత్రిత్వశాఖ ఎగుమతి అనుమతి, ఒకదాని తర్వాత ఒకటి. (నియమాలు మారుతుంటాయి, మీ అవసరం వచ్చినప్పుడు సరిచూసుకోండి.)

ఇది విని పెద్దాయన ఒక సాయంత్రం ఖర్జూరాలతో వచ్చారు. "దాన్ని నా ఇజ్బాలో వదిలి వెళ్ళండి. పరుగెత్తడానికి చోటుంది, చూసుకోవడానికి మనిషి ఉన్నాడు" అన్నారు. మనసులో ఒక పక్క బరువు దిగినట్టయింది. ఇంకో పక్క మెలిపెట్టినట్టూ అయింది. నిజానికి మా ఫ్లాటు కన్నా ఆయన తోటే దానికి మంచిది కదా? మా ప్రేమ కోసం దాన్ని మూడో అంతస్తు ఎక్కించడం న్యాయమా?

ఆ రాత్రి నలుగురం కూర్చున్నాం. మా పెద్దాడు ఒక్క మాటన్నాడు. "అమ్మా, దీన్ని ఒకసారి ఎవరో రోడ్డు పక్కన వదిలేశారు కదా. మనం తాతగారి దగ్గర వదిలితే అది వదిలెయ్యడమని దానికి అనిపించదా?" చిన్నది మాత్రం వేరేలా అంది. "తాతగారి దగ్గర అయితే అది పరిగెత్తుతుంది. నేనే ఏడుస్తాను. నేను ఏడిస్తే ఫర్వాలేదు." పదేళ్ళ పిల్ల. ఆ మాటకి మావారు లేచి బాల్కనీలోకి వెళ్ళిపోయారు.

మా నిర్ణయం ఏమిటంటే, మేము వెళ్ళాల్సి వస్తే చినుకు పెద్దాయన దగ్గరే ఉంటుంది. వదిలెయ్యడం కాదు, అప్పగించడం. రెండింటికీ తేడా ఏమిటని పెద్దాడికి మావారు చెప్పారు. వదిలేసేవాడు వెనక్కి చూడడు. అప్పగించేవాడు ముందు నుంచే అలవాటు చేస్తాడు, ఖర్చు పంపుతాడు, కబురు కనుక్కుంటాడు. మరుసటి వారం నుంచి వారానికి రెండు రాత్రులు చినుకుని ఇజ్బాలోనే పడుకోబెట్టడం మొదలుపెట్టాం, దాని దుప్పటితో సహా. మొదటి రాత్రి అన్నం ముట్టలేదట. నాలుగో వారానికి మా కారు చప్పుడుకి తోక ఊపింది గానీ, మేం బయల్దేరితే వెంటపడలేదు. అది చూసి సంతోషపడ్డానో బాధపడ్డానో ఇప్పటికీ తేల్చుకోలేదు.

దేవుడి దయవల్ల ఏడో వారంలో మావారికి ఇదే ఊళ్ళో ఇంకో ఉద్యోగం వచ్చింది. చినుకు ఇంట్లోనే ఉంది. ఇది రాస్తుంటే నా పాదాల మీద తల పెట్టుకుని నిద్రపోతోంది. వారానికి ఒక రాత్రి ఇజ్బా అలవాటు మాత్రం మానలేదు.

మా నాన్నగారు కైకలూరు దగ్గర పల్లెలో బడిపంతులు. కొల్లేటి వైపు జోనంగి కుక్కలు తెలుసు కదా, నుదుటి మీద ముడతలు, పొట్టి వెంట్రుకలు, మొరగడం కన్నా రాగం తీయడం ఎక్కువ. బాతుల మందల్ని కాసేవి, వేటకీ వెళ్ళేవి. చేపల చెరువులు పెరిగి బాతుల మందలు తగ్గాక ఆ కుక్కలకీ పని తగ్గింది. మా ఇంట్లో ఒకటుండేది. నాన్నగారికి బదిలీ అయినప్పుడు దాన్ని ఎడ్లబండి వెనకాలే నడిపించుకుని కొత్త ఊరు తీసుకెళ్ళారు. "ఇదేం పిచ్చండీ, ఇంకో కుక్క దొరకదా" అని అందరూ నవ్వారట. నాన్నగారు, "దానికి ఇంకో పంతులు దొరకడు కదా" అన్నారట. చిన్నప్పుడు ఆ మాట నాకు అర్థం కాలేదు.

పిల్లలూ, మీరు ఇండియా వెళ్ళినప్పుడు మన దగ్గరి జాగిలాల గురించి కూడా అడిగి తెలుసుకోండి. కర్ణాటకలోని ముధోల్ కుక్క సలూకీకి చుట్టమని చాలామంది నమ్మకం. 2005 జనవరిలో మన తపాలాశాఖ దాని బొమ్మతో ఒక బిళ్ళ కూడా వేసింది. మీ స్టాంపుల ఆల్బంలో ఉందేమో చూడండి.

ఇక పెద్దవాళ్ళకి. మీరుండేది అపార్టుమెంటు అయితే ముందు అద్దె ఒప్పందం చదవండి, చాలాచోట్ల కుక్కలకి అనుమతి ఉండదు. ఇరుగుపొరుగులో నమాజుకి వెళ్ళేవాళ్ళకి మన కుక్క తగలకుండా చూసుకోవడం మర్యాద. సలూకీయే కావాలంటే కొనకండి, వీధిన పడినవి ఎదురుచూస్తూనే ఉన్నాయి. అన్నిటికన్నా ముందు ఒక తెల్లకాగితం తీసుకుని మూడు ప్రశ్నలు రాసుకోండి. రోజూ దీన్ని పరుగెత్తించేది ఎవరు? ఎక్కడ? మనం ఈ దేశం వదిలి వెళ్ళాల్సి వస్తే ఇది ఎవరి దగ్గరికి వెళ్తుంది? మూడో ప్రశ్నకి ఒక మనిషి పేరు రాయగలిగితేనే కుక్కని తెచ్చుకోండి. మన వీసా రెండేళ్ళు. సలూకీ ఆయుష్షు పన్నెండేళ్ళ పైమాటే!

మా బీరువాలో నాలుగు పాస్‌పోర్టుల పక్కన ఇప్పుడు ఒక నీలం ఫైలు ఉంది. అందులో చినుకు టీకాల పుస్తకం, చిప్ నంబరు, పెద్దాయన అరబ్బీలో రాసి సంతకం పెట్టిన ఒక కాగితం ఉన్నాయి. కింద మా పిల్లలిద్దరూ తెలుగులో సంతకం పెట్టారు. చిన్నది తన పేరు పక్కన ఒక పాదం బొమ్మ కూడా వేసింది, చినుకు తరఫున.

వచ్చే సంచికలో మళ్ళీ కలుద్దాం. అంతదాకా గేట్లు జాగ్రత్త!